మిచెల్ బీదతనాన్ని పొగడకండి

జాన్ థామస్ వైట్‌హెడ్ మిచెల్ 1895 మార్చి 16న కన్నుమూశాడు. అప్పటికి ఆయన అధ్యక్షుడిగా ఉన్న ఇంగ్లండ్ సహకార సంఘాల టోకు సంస్థ ఏడాదికి సుమారు కోటి పౌండ్ల సరుకు అమ్ముతోంది. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి 350 పౌండ్ల చిల్లర. సహకారోద్యమం గురించి ఉపన్యసించే వాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించడానికి చాలా ఇష్టపడతారు. వినేవాళ్లు చప్పట్లు కొడతారు. నా పేచీ ఆ చప్పట్ల దగ్గరే.

ఈ ధోరణి మనకు కొత్తది కాదు. సంఘం మూతపడినా సరే, అధ్యక్షుడు చివరిదాకా సైకిలు మీదే తిరిగాడని చెప్పుకుని తృప్తి పడతాం. నిజాయితీ అక్కరలేదని నేను అనడం లేదు. కానీ అధ్యక్షుడు ఎంత నిప్పులాంటి మనిషైనా, దుకాణంలో వెన్న పాడై వాసన వస్తే దాన్ని ఎవరూ కొనరు. మిచెల్ అధ్యక్షతలో ఇరవై ఒక్క ఏళ్లపాటు జనం కొన్నారు, రానురాను ఇంకా ఎక్కువగా కొన్నారు. ఎందుకు కొన్నారన్నది వదిలేసి ఆయన జేబులో ఎంత మిగిలిందని లెక్కపెట్టడం ఆ మనిషి చేసిన పనిని అవమానించడమే.

జీవిత కథ క్లుప్తంగా చెప్పేస్తాను, అందులో నాటకీయత వెతికే వాళ్లకు దొరికేది తక్కువ. 1828లో ఇంగ్లండ్ ఉత్తరాన లాంకషైర్‌లో, నూలు మిల్లుల పట్టణమైన రోచ్‌డేల్‌లో పుట్టాడు. తల్లి పెళ్లి కాని మనిషి, కూలి బతుకు. తండ్రి తోడు లేదు. ఇంట్లో బాడుగకు మనుషులను ఉంచుకుని ఆమె కొడుకును పెంచింది. పదేళ్ల వయసుకే పిల్లవాడు మిల్లులో తెగిన పోగులు అతికే పనికి వెళ్లాడు. తరువాత చర్చి ఆదివారం బడి పరిచయాల వల్ల ఒక ఫ్లానెల్ (మెత్తటి ఉన్ని బట్ట) వ్యాపారి గోదాములో కుదిరాడు, కొన్నేళ్లకు తానే చిన్నపాటి ఫ్లానెల్ వ్యాపారం పెట్టుకున్నాడు. మద్యం ముట్టలేదు, పెళ్లి చేసుకోలేదు, ఆదివారం బడిలో పాఠాలు చెప్పడం మానలేదు. మనుషులను బాగుచేసే శక్తులు మూడే ఉన్నాయని, అవి మతం, మద్యం మానడం, సహకారం అని ఆయన నమ్మకం. మొదటి రెండింటి మీద నాకు ఆసక్తి లేదు. మూడోదాని కోసం 1853లో ఆయన తన ఊళ్లోని పయనీర్ల సంఘంలో చేరాడు.

ఆ సంఘం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా ఉంటుంది కాబట్టి చాలామందికి పేరు తెలుసు. 1844 డిసెంబరు 21 సాయంత్రం టోడ్ లేన్ అనే వీధిలో, 28 మంది సభ్యులు పోగేసిన 28 పౌండ్లతో తెరిచిన చిన్న కొట్టు అది. మొదట అమ్మినవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు. తూకం సరిగ్గా ఉండాలి, కల్తీ ఉండకూడదు, అరువు ఇవ్వకూడదు, ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. గోధుమపిండిలో పటిక, టీలో ఎవరో వాడి పారేసిన ఆకు మళ్లీ ఎండబెట్టి కలిపే రోజులవి. సరైన తూకం, కల్తీ లేని పిండి అన్న మాటకే జనం నడిచి వచ్చేవారు.

అన్నిటికంటే పదునైన నియమం మిగులు పంపకం గురించినది. కొట్టులో కొన్న ప్రతిసారీ సభ్యుడికి సరుకు విలువను తెలిపే రేకు బిళ్లలు ఇచ్చేవారు. మూడు నెలలకోసారి వాటిని లెక్కకు పెట్టాలి. ఆ త్రైమాసికంలో ఒక ఇల్లాలు పది పౌండ్ల సరుకు కొన్నదనుకుందాం. సంఘం పౌండుకు రెండు షిల్లింగుల చొప్పున ప్రకటిస్తే ఆమెకు 20 షిల్లింగులు, అంటే ఒక పౌండు తిరిగి వస్తుంది. ఆమె పొదుపు అంటూ ఏమీ చేయలేదు, మామూలుగా ఇంటికి కావలసిన పిండి, చక్కెర కొన్నది, అంతే. పెట్టుబడి పెట్టినవాడికి నిర్ణీత వడ్డీ ముడుతుంది, అంతకుమించి హక్కు లేదు. మిగిలినదంతా కొన్నవాళ్లది, కొన్నంత మేరకు.

మిచెల్ ఈ నియమాన్ని పట్టుకుని వదలలేదు. ఆయన ఆలోచన అంతా ఈ ఒక్క నియమాన్ని చివరికంటా లాగడమే.

ఊరూరా ఇలాంటి కొట్లు వెలిశాక టోకు సరుకు కొనుగోలు సమస్య అయింది. మాంచెస్టర్ టోకు వర్తకులు విడివిడిగా వచ్చిన చిన్న సంఘాలకు మంచి ధర ఎందుకు ఇస్తారు? ఒక సంఘం మరో సంఘంలో వాటా తీసుకోవడానికి 1862 చట్టం దారి ఇచ్చింది. 1863లో సంఘాలన్నీ కలిసి తమ సొంత టోకు సంస్థను రిజిస్టర్ చేసుకున్నాయి. అదే తరువాత కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీగా పేరుబడింది. మిచెల్ 1869లో దాని పాలకవర్గంలోకి వచ్చి, 1874లో అధ్యక్షుడయ్యాడు. ఆయన పీఠమెక్కిన ఏడాది అమ్మకాలు సుమారు 20 లక్షల పౌండ్లు. అంటే ఆయన చేతుల్లో అది అయిదింతలైంది.

ఎలా అన్నదానికి నేను చదివినంతలో ఒక మాయాజాలం కనబడలేదు. కనబడినవి అన్నీ విసుగు పుట్టించేంత మామూలు పనులు. వెన్న ఎక్కడ తయారవుతుందో అక్కడికే తమ కొనుగోలుదారును పంపారు. ముందు ఐర్లండ్, తరువాత 1881లో కోపెన్‌హేగన్. న్యూయార్కులో 1876లో, ఫ్రాన్స్‌లోని రువాన్‌లో 1879లో, హాంబర్గ్‌లో 1884లో కార్యాలయాలు తెరిచారు. జున్ను, పిండి, చక్కెర దళారీ మీద దళారీ చేతులు మారకుండా తెచ్చారు. సొంత ఓడలు నడిపారు. మాంచెస్టర్ దాకా ఓడ కాలువ తవ్వి 1894 జనవరి 1న తెరిచినప్పుడు, ఆ రేవులో తొలి సరుకు దించిన ఓడ వీరి 'పయనీర్'. రువాన్ నుంచి తెచ్చిన చక్కెర అది. పెద్ద పెద్ద ఓడ కంపెనీలు చూస్తూ ఉండగా కిరాణా సంఘం ఓడ ముందుగా బస్తాలు దించిందన్న మాట నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఫ్యాక్టరీల విషయంలో వరస ఇంకా గమనించదగ్గది. 1873లో క్రంప్సల్‌లో బిస్కెట్లు, అదే ఏడు లెస్టర్‌లో బూట్లు, 1874లో డరమ్‌లో సబ్బులు, 1891లో టైన్ నది ఒడ్డున డన్‌స్టన్‌లో భారీ పిండిమర. సరుకు తయారుచేసి గిరాకీ కోసం ఎదురుచూసే పద్ధతి కాదు ఇది. సబ్బు ఎంత అమ్ముడుపోతుందో వందలాది సంఘాల ఆర్డర్ల పుస్తకాల్లో ముందే రాసి ఉంది. గిరాకీ చేతిలో పెట్టుకుని ఫ్యాక్టరీ కట్టారు.

ఒక్క విషయం మాత్రం మిచెల్ చేతిలో లేదు, అదే ఆయన్ను కాపాడిందని నా నమ్మకం. సభ్య సంఘాలు తన దగ్గరే కొనాలన్న నిర్బంధం ఆయన పెట్టలేకపోయాడు. బోల్టన్‌లోనో బ్రాడ్‌ఫర్డ్‌లోనో కొట్టు నడిపే మేనేజరుకు మాంచెస్టర్ బెలూన్ స్ట్రీట్‌లోని ప్రధాన కార్యాలయం పంపిన వెన్న నచ్చకపోతే, పక్కవీధి టోకు వర్తకుడి దగ్గరికి వెళ్లేవాడు. తమ సొంత సంస్థను వదిలి బయట కొంటున్నారని సభల్లో ఎప్పుడూ ఫిర్యాదులే. ఫిర్యాదు చేయడం తప్ప మరేమీ చేయలేరు. మూడు నెలలకోసారి సంఘాల ప్రతినిధులు మాంచెస్టర్‌లో, న్యూకాజిల్‌లో, లండన్‌లో కూర్చుని లెక్కలు విప్పేవారు. అక్కడ నేతపనివాడు, గని కార్మికుడు లేచి ఫలానా ఫ్యాక్టరీ ఎందుకు నష్టపోయిందని నిలదీస్తాడు. అధ్యక్షుడు జవాబు చెప్పాలి. ఆయన ఆస్తి 350 పౌండ్లా, మూడున్నర లక్షలా అని అడిగినవాడు లేడు.

మా పట్టణంలో నా చిన్నప్పుడు ఒక సహకార స్టోర్సు ఉండేది. చక్కెర, కిరోసిను, కంట్రోలు బట్ట వచ్చిన రోజున వరుస వీధి మలుపు దాటేది. మిగతా రోజుల్లో బల్ల వెనక గుమస్తా, బల్ల మీద అమ్ముడుపోని సబ్బులు. మా నాన్నగారికి అందులో వాటా ఉండేది. వాటా పత్రం బీరువాలో ఇంటి దస్తావేజుల మధ్య భద్రంగా దాచారు. ఆయన్ను ఏ సర్వసభ్య సమావేశానికీ ఎవరూ పిలవలేదు. ఎన్నికైన పాలకవర్గం ఉన్నదీ తక్కువే, ఎక్కువ కాలం ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జి పాలనే. అక్కడ పనిచేసినవాళ్లు దొంగలేం కాదు. కానీ కంట్రోలు సరుకు వచ్చిన రోజున జనం ఎలాగూ వస్తారు, రాని రోజున ఎందుకు రాలేదని అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. మిచెల్‌కు ఆ అవసరం రోజూ ఉండేది.

ఇక ఆయన తప్పు దగ్గరికి వస్తాను. పొగడ్తల్లో దీన్ని దాటవేస్తారు.

ఫ్యాక్టరీ కార్మికులకు లాభంలో వాటా ఇవ్వాలా? ఆ కాలం సహకారోద్యమాన్ని ఈ ప్రశ్న నిలువునా చీల్చింది. ఇవ్వాలని గట్టిగా వాదించినవారిలో ఎడ్వర్డ్ వాన్సిటార్ట్ నీల్, థామస్ హ్యూస్ ఇద్దరూ బారిస్టర్లు, పెద్దింటి బిడ్డలు. ఉద్యమ చరిత్ర రాసిన జార్జ్ జాకబ్ హోలియోక్ కూడా వారి వైపే. కుదరదని భీష్మించినవాడు పదేళ్లకే మిల్లులో పోగులు అతికిన మిచెల్. ఈ తారుమారు చూసి నవ్వుకోవచ్చు గానీ ఆయన వాదంలో బలం ఉంది. లెస్టర్‌లో కుట్టిన బూటుకు లాభం ఎందుకు వచ్చింది? డరమ్ గని కార్మికుడి భార్య దాన్ని కొన్నది కాబట్టి. ఆమె కొనకపోతే ఎంత గొప్ప పనివాడికైనా లాభం లేదు. ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లు కొందరే, కొనేవాళ్లు అందరూ. కొందరికి లాభం పంచితే వాళ్లు రేపు ఆ కొందరి ప్రయోజనమే చూసుకునే చిన్న కంపెనీ అవుతారు. 1892లో రోచ్‌డేల్‌లో జరిగిన సహకార మహాసభకు ఆయనే అధ్యక్షుడు. అక్కడా, కార్మిక సమస్యలపై వేసిన రాయల్ కమిషన్ ముందు అదే ఏడు ఇచ్చిన సాక్ష్యంలోనూ ఆయన చెప్పినదాని సారం ఇదే. 1891లో ఉద్యమం మీద పుస్తకం రాసిన బియట్రిస్ పాటర్ కూడా ఈ పక్షమే వహించింది.

ఆయన భయానికి కళ్లెదుట రుజువు కూడా ఉంది. రోచ్‌డేల్‌లోనే 1854లో సహకార నూలు మిల్లు మొదలై, పనివాళ్లకు లాభంలో భాగం ఇచ్చేది. బయటి నుంచి వాటాదారులు పెరిగి 1862లో ఓట్లతో ఆ భాగాన్ని తీసేశారు. (ఆ మిల్లు ఉన్న చోటు పేరు మిచెల్ హే. మన మిచెల్‌కూ ఆ పేరుకూ సంబంధం లేదు.) న్యూకాజిల్ దగ్గర ఔజ్‌బర్న్ ఇంజిన్ల కర్మాగారం 1870లలో కుప్పకూలింది. ఉత్పత్తిదారుల సంఘాలు అయితే కంపెనీలుగా మారిపోతాయి, లేకపోతే మునిగిపోతాయి అని ఆయన తీర్మానించుకున్నాడు.

అయినా లెస్టర్ బూట్ల ఫ్యాక్టరీలో జరిగింది చూడండి. టోకు సంస్థ కార్మికులకు ఇచ్చే బోనసు 1870ల మధ్యలోనే ఆగిపోయింది. 1887 నాటికి అక్కడి పనివాళ్లు కొందరు విసిగి బయటికి వచ్చి, తమ సొంత సహకార బూట్ల సంఘం పెట్టుకున్నారు. దానికి ఈక్విటీ అని పేరు పెట్టారు. అది మునిగిపోలేదు, కంపెనీగానూ మారిపోలేదు. వందేళ్లకు పైగా బతికింది. మిచెల్ లెక్క ప్రకారం అది జరగకూడదు. కొనేవాడే యజమాని అన్న సూత్రంలో, ఎనిమిదో తొమ్మిదో గంటలు బల్ల ముందు కూర్చుని తోలు కుట్టేవాడు యజమాని ఇంట్లో పనివాడు మాత్రమే. యజమాని మంచివాడా కాదా అన్నది వేరే మాట.

ఆ సూత్రాన్నైనా ఆయన తరం పూర్తిగా పాటించిందా? బుట్ట పట్టుకుని కొట్టుకు వెళ్లేది, రేకు బిళ్లలు లెక్కపెట్టుకునేది ఆడవాళ్లు. 1883లోనే సహకార మహిళా గిల్డు ఏర్పడింది. టోకు సంస్థ పాలకవర్గంలోకి మొదటి మహిళగా మేరీ కాట్రెల్ ఎన్నికైంది 1922లో. మిచెల్ పోయిన 27 ఏళ్లకు. సంస్థలో పనిచేసే ఆడపిల్లలకు కనీస వేతనం కోసం గిల్డు ఏళ్ల తరబడి పోరాడితే 1912లో ఒప్పుకున్నారు. కొనేవాళ్లదే రాజ్యం అన్న సంస్థలో, కొనే చేతులకే కుర్చీ దక్కడానికి ఇంత కాలం పట్టింది.

టీ కథ మన గుమ్మం దాకా వస్తుంది. 1882లో స్కాట్లండ్ టోకు సంస్థతో కలిసి లండన్‌లో టీ విభాగం తెరిచారు. మిచెల్ తరువాతి వాళ్లు ఆయన దారిలోనే ఇంకొంత ముందుకు వెళ్లి సిలోన్‌లో, ఆ పైన దక్షిణ భారతంలో టీ తోటలు కొన్నారు. ఆకు తెంపే కూలీలకు బెలూన్ స్ట్రీట్‌లో ఓటు లేదు. లాంకషైర్ కార్మికుడు తాగే కప్పు టీకి ఆ కార్మికుడు యజమాని, మన కొండల మీద గంప మోసిన మనిషి ఎవరూ కాదు. మిచెల్‌ను ఇందుకు తప్పుపట్టడం అన్యాయమని కొందరు అంటారు, ఆయన బతికి లేడు కదా అని. బతికి ఉంటే తోటలు ఇంకా ముందే కొని ఉండేవాడని నేను అనుకుంటాను. ఆయన తర్కం అటే నడుస్తుంది.

ఇన్ని లోపాలు చూపించి కూడా ఆయన పద్ధతినే మెచ్చుకుంటున్నాను, ఎందుకంటే దానికి ప్రత్యామ్నాయంగా మనం కట్టుకున్నది ఏమిటో తెలుసు. బ్రిటిష్ ప్రభుత్వం 1904లో తెచ్చిన సహకార చట్టం పరపతి సంఘాలకే పరిమితం. అదే ఏడు మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ సహకార సంఘం రోచ్‌డేల్ నమూనాతో సరుకుల కొట్టు మొదలుపెట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉన్నాయి. మిగతా రకాల సంఘాలకు 1912 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. మన దగ్గర మొదటినుంచీ సంఘం కంటే దాని మీద ప్రభుత్వం పెట్టిన రిజిస్ట్రారు పెద్దవాడు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థనే తీసుకోండి. చింతపండు, తేనె, అడ్డాకులు కొని, డిపోల ద్వారా ఉప్పూ పప్పూ అందించి, షావుకార్ల పట్టు సడలించిన మాట నిజం. పేరులో సహకారం ఉంది, నడిపేది అధికారులు. పాలకవర్గం మీద లేచి ప్రశ్న అడిగే గిరిజన సభ్యురాలి స్థానం అందులో ఎక్కడ?

1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చినప్పుడు, ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా, రిజిస్ట్రారు పెత్తనం లేకుండా సంఘం నడుపుకునే వీలు కలిగింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. పొదుపు సంఘాలు, పాల సంఘాలు దాన్ని బాగానే వాడుకున్నాయి. కిరాణా కొట్లు మాత్రం పుట్టుకు రాలేదు. అంటే చట్టం ఒక్కటే అడ్డం కాదన్నమాట.

అలాగని మాంచెస్టర్ వైపు చూసి చేతులు జోడించనక్కరలేదు. మిచెల్ సంస్థ వారసురాలైన కోఆపరేటివ్ గ్రూప్ 2013 సంవత్సరానికి 250 కోట్ల పౌండ్ల నష్టం చూపింది. ప్రధాన కారణం దాని బ్యాంకు. మరుసటి ఏడాది సంస్థ పాలన మీద పరిశీలన జరిపిన లార్డ్ మైనర్స్ ఇచ్చిన నివేదిక చెప్పింది ఒక్క ముక్కలో ఇది: ఎన్నికై వచ్చిన పాలకవర్గంలో అంత పెద్ద వ్యాపారాన్ని అర్థం చేసుకునే సత్తా లేదు. ఉద్యమం పట్ల భక్తికి వాళ్లలో లోటు లేదు. భక్తిని అర్హతగా పెట్టుకుంటే ఏమవుతుందో అక్కడ తేలింది. 350 పౌండ్ల కథ చెప్పి చప్పట్లు కొట్టించే వాళ్లతో నా తగాదా ఇందుకే. మిచెల్ గోదాములో సరుకు చూసి, బేరం చేసి ఎదిగినవాడు. బ్యాలెన్స్ షీటులో ఏ గడి ఏం చెబుతోందో ఆయనకు తెలుసు, చెప్పించుకునేవాళ్లు ఎదురుగా ఉన్నారు.

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్లో కొందరం కలిసి బియ్యం, కందిపప్పు, నూనె టోకున తెప్పించుకుంటున్నాం. మిగిలిన డబ్బు ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి సర్దుతున్నాం. రోచ్‌డేల్ నియమాలు పాటిస్తున్నామని నేను కాస్త గర్వంగా చెబితే, వాచ్‌మన్ భార్య ఒకే ప్రశ్న వేసింది: "డబ్బు ముందే కట్టాలా సార్?" ముందే కట్టాలి. అరువు ఇస్తే సంఘం మునుగుతుందని 1844లోనే తేల్చారు, అది నిజమే. ఇంగ్లండ్‌లో కూడా ఆ నియమం వల్లే అడుగున ఉన్నవాళ్లు, వారం జీతం వారం మధ్యలోనే అయిపోయేవాళ్లు, సహకార కొట్టు గడప తొక్కలేకపోయారు. మా వీధి చివర కిరాణా కొట్టు ఆయన గోడకు "అరువు రేపు" అని బోర్డు పెట్టుకున్నాడు గానీ, ఆమె పేరున ఖాతా పుస్తకంలో ఒక పేజీ కూడా పెట్టాడు. ధర మా కంటే ఎక్కువే, తూకం మీద నాకు అనుమానాలున్నాయి. నెల చివరి పది రోజులూ ఆమెకు బియ్యం ఇచ్చేది ఆయనే. డిపాజిట్ల వడ్డీ నుంచి చిన్న నిధి తీసి, వాచ్‌మన్ కుటుంబానికీ ఇళ్లలో పనిచేసే వాళ్లకూ నెలాఖరు వరకు గడువు ఇద్దామని వచ్చే నెల సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. మా కోశాధికారి అప్పుడే వద్దంటున్నారు, ఆయన చెప్పే కారణాలు అచ్చం మిచెల్ చెప్పేవిలాగే ఉన్నాయి.